పట్టులో మిగిల్చిన తేనె

(నృసింహ జయంతి ఉత్సవాల సందర్భంగా ఆలయ ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం స్వామివారికి జరిగిన పంచామృతాభిషేకాన్ని మీరందరూ కన్నులారా దర్శించారు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర ఒకదాని వెంట ఒకటి స్వామివారి శిరస్సు మీదుగా జాలువారాయి. ఈ ఐదింటిలో నాలుగింటి పుట్టుక మనకు తెలుసు. పాలు, పెరుగు, నెయ్యి గోమాత ప్రసాదాలు. చక్కెర చెరకు తోట నుండి వచ్చింది. మరి తేనె ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే, మనలో చాలామంది సీసాను చూపిస్తారు. ఆ సీసా వెనుక ఏ అడవి ఉన్నదో, ఏ చెట్టు పూసినదో, ఎవరి ప్రాణం ఒక నారతాడు మీద ఆధారపడి వ్రేలాడినదో మనం అడగము. ఈ పూట ఆ ఒక్క ప్రశ్నను మీ ముందు ఉంచాలని వచ్చాను.

మన పూర్వులు తేనెకు ఇచ్చిన గౌరవం సామాన్యమైనది కాదు. ఇంటికి వచ్చిన పూజ్యుడికీ, పెండ్లికి వచ్చిన వరుడికీ మధుపర్కం ఇచ్చి ఆదరించమన్నారు. బృహదారణ్యకోపనిషత్తు బ్రహ్మవిద్యలో ఒక భాగానికి మధువిద్య అనే పేరే పెట్టింది. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక మహర్షి తన కుమారుడు శ్వేతకేతువుకు ఆత్మతత్త్వాన్ని బోధిస్తూ తేనెటీగలనే దృష్టాంతంగా తీసుకున్నాడు. ఈగలు వేర్వేరు దిక్కులలో ఉన్న వేర్వేరు చెట్ల రసాలను తెచ్చి ఒకే రసంగా మారుస్తాయి. అలా కలిసిన తరువాత ఆ రసాలకు తాము ఏ చెట్టుకు చెందినవో అనే భేదభావం ఉండదు. జీవులు సద్వస్తువులో లీనమైనప్పుడు కూడా అంతేనని మహర్షి వివరించాడు.

రసం తన చెట్టును మరచిపోతుంది. కాని దానిని ఆస్వాదించే నాలుకకు మాత్రం ఆ చెట్టు జాడ తెలుస్తుంది. అడవి తేనె మహిమంతా ఇందులోనే ఉంది.

మన క్షేత్రం నల్లమల అంచున వెలసింది. మాఘ ఫాల్గుణ మాసాలలో ఆకులు రాలిన ఈ కొండల మీద మోదుగ చెట్లు నిప్పు అంటుకున్నట్లు పూస్తాయి. ఆ వెనుక వేప, ఇప్ప, నేరేడు, కానుగ, చింత, మద్ది ఒకదాని తరువాత ఒకటి పూతకు వస్తాయి. మనం స్వామికి దళాలు కోసి సమర్పించే మారేడు చెట్టు కూడా వేసవిలోనే పూస్తుంది. దాని పూల వద్దకు కూడా ఈగలు చేరుతాయి. ఈ పూతల వరుసయే తేనె రుచిలోని వరుస. వేపపూత ఎక్కువగా ఉన్న చోటి తేనెలో సన్నని చేదు ఉంటుంది. నేరేడు పూసిన వాగుల వెంబడి దొరికే తేనెకు ముదురు రంగు, కొంచెం వగరు ఉంటాయి. ఒకే అడవిలో ఫాల్గుణంలో తీసిన తేనె, జ్యేష్ఠంలో తీసిన తేనె ఒక్కటిగా ఉండవు. ఏడాది పొడుగునా ఒకే రంగు, ఒకే చిక్కదనం, ఒకే రుచి గల తేనె దొరుకుతున్నదంటే, అనేక ప్రాంతాల తేనెలను కలిపి ఒకే తీరుకు తెచ్చారని అర్థం చేసుకోవాలి.

ఇక ఈ తేనెను కూర్చే ఈగలను గురించి రెండు మాటలు. చెట్టు తొర్రలలో, పుట్టలలో వరుసగా పలు పట్లు కట్టుకునే ఈగలు ఒక జాతి. వాటి తేనెనే మనం పుట్టతేనె అంటాము. పొదలలో సన్నని కొమ్మకు అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగలు మరొక జాతి. అడవిలో ఎక్కువ తేనెను కూర్చేవి మాత్రం కొండ తేనెటీగలు. ఇవి ఎత్తయిన చెట్ల కొమ్మల క్రింద, కొండ చరియల క్రింద ఆరుబయట ఒకే ఒక పెద్ద పట్టును కడతాయి. అది ఒక్కొక్కప్పుడు మీటరు వెడల్పు ఉంటుంది. ఒకే మహావృక్షానికి పదుల సంఖ్యలో పట్లు వ్రేలాడటం కూడా కద్దు. ఈ ఈగలను పెట్టెలలో పెట్టి పెంచడం సాధ్యపడదు. పూలు ఉన్న కాలంలో వస్తాయి, పూలు అయిపోగానే పట్టు విడిచి మరొక చోటికి తరలిపోతాయి. ఒక విధంగా ఇవి కూడా యాత్రికులే. ఏటేటా తిరిగి అదే చెట్టుకు, అదే చరియకు రావడం వీటి అలవాటు.

పువ్వులో ఉన్న మకరందం తేనె కాదు. అది నీళ్ళవలె పలుచనిది. దానిలో సగానికి మించి నీరే ఉండవచ్చు. ఈగ దానిని తన కడుపులోని సంచిలో మోసుకువచ్చి మరొక ఈగకు అందిస్తుంది. అది ఇంకొకదానికి అందిస్తుంది. ఈ చేతులు మారడంలో ఈగల నోటి రసాలు కలిసి మకరందంలోని చక్కెర సులభంగా జీర్ణమయ్యే చక్కెరలుగా విడిపోతుంది. ఆపైన ఈగలు రెక్కలతో విసరి విసరి నీటిని ఆరబెడతాయి. నీరు ఐదో వంతు వరకు తగ్గిన తరువాత గది మీద మైనపు మూత వేస్తాయి. పాలు దూడ ఎంగిలి, తేనె ఈగ ఎంగిలి అని పెద్దలు అనేవారు. ఆ ఎంగిలినే పరమ పవిత్రమని స్వామికి సమర్పిస్తున్నాము. వేల జీవుల శ్రమ అందులో కలిసి ఉండటమే ఆ పవిత్రతకు కారణమని నాకు తోస్తుంది.

మైనపు మూతతో ఉన్న పట్టు ముక్కను నోట పెట్టుకున్న వారికి దాని రుచి వేరుగా చెప్పనక్కరలేదు. నమలగానే గదులు పగిలి తేనె ఊరుతుంది. మొదట పూల వాసనతో కూడిన తీపి, తరువాత నాలుక అంచులకు చిన్న పులుపు, చివరకు గొంతులో ఒక వగరు తెలుస్తాయి. మధ్యలో పుప్పొడి నింపిన గది తగిలితే కొంచెం పిండిగా, పులుపుగా ఉంటుంది. మిగిలిన మైనాన్ని నమిలి ఉమ్మివేస్తారు. మూత తీయని తేనెలో పూల పరిమళం బందీగా ఉంటుంది. దానిని వడగట్టి, బాగా వేడిచేసి, మళ్ళీ మళ్ళీ జల్లించి సీసాలలో నింపేసరికి తీపి నిలుస్తుంది గాని ఆ పరిమళంలో చాలా భాగం వెళ్ళిపోతుంది. తేనెను వేడిచేయరాదని మన ఆయుర్వేద గ్రంథాలు గట్టిగా చెప్పిన సంగతి మీలో పెద్దలకు తెలిసినదే.

ఇప్పుడు ఆ తేనెను దించే వారిని తలచుకుందాము. నల్లమలలో తరతరాలుగా ఈ పని చేస్తున్నవారు చెంచులు. శ్రీశైల మల్లన్నను వారు తమ ఇంటి అల్లుడిగా భావించి చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అహోబిల నృసింహుడు వారి ఆడపడుచు చెంచులక్ష్మిని చేపట్టాడని వారి విశ్వాసం. సంక్రాంతి దరిమిలా జరిగే పార్వేట ఉత్సవంలో అహోబిల స్వామి కొండ దిగి పల్లె పల్లెకూ తరలివెళ్ళడంలో ఈ బంధుత్వమే కనిపిస్తుంది. ఈనాడు మనం జయంతి జరుపుకుంటున్న స్వామికి అడవి అత్తవారిల్లు అన్నమాట. అత్తవారింటి నుండి వచ్చే సారెయే ఈ తేనె.

ఆ సారె తేలికగా రాదు. పచ్చి ఆకులు, రెల్లు కట్టగా కట్టి పొగబెట్టి ఈగలను తొలగిస్తారు. చరియ మీది పట్టు కోసం అడవి నారతో పేనిన తాడు పట్టుకుని లోయలోకి దిగుతారు. తాడు పైకొసను దిగేవాడి బావమరిది పట్టుకుంటాడని చెబుతారు. తన అక్కాచెల్లెళ్ళ పసుపుకుంకుమలు ఆ తాడుకే ముడిపడి ఉన్నాయి కాబట్టి అతని చేయి సడలదని వారి నమ్మకం. అడవితల్లి గారెలమైసమ్మకు మొక్కుకుని గాని పనికి పూనుకోరు. మనం అభిషేకంలో ఉద్ధరిణెతో పోసే తేనె వెనుక ఇంత కథ ఉంది.

ఇక్కడ నా పొరపాటును ఒకదానిని మీ ముందు ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట ఒక ఆలయంలో ఇటువంటి ఉత్సవానికే ఏర్పాట్లు చూసే బాధ్యత నాకు అప్పగించారు. సీసా తేనె కంటే నిండు తేనెపట్టునే స్వామి సన్నిధిలో ఉంచితే భక్తులకు కనువిందుగా ఉంటుందని నాకు తోచింది. ఏటా మాకు తేనె తెచ్చి ఇచ్చే ఒక వృద్ధ చెంచును పిలిచి, “పెద్దాయనా, ఈసారి పట్టు మొత్తం తెంచకుండా తీసుకురావాలి” అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. “సామీ, పై ముక్క తెస్తాను. మొత్తం ఎందుకు?” అన్నాడు.

“దేవుడి కార్యం పెద్దాయనా. దేవుడు అడుగుతున్నాడనుకో” అన్నాను.

ఆయన తెచ్చాడు. పెద్ద పళ్ళెంలో పూలతో అలంకరించి సన్నిధిలో పెట్టాము. చూసినవారందరూ ఆనందించారు. మరునాడు తెల్లవారి పళ్ళెం తీయబోతే పట్టు క్రింది భాగమంతా కదులుతున్నది. గదులలో తెల్లని పిల్లపురుగులు ఉన్నాయి. రెక్కలు పూర్తిగా రాని ఈగలు గది మూతలు కొరుక్కుని బయటికి వచ్చి, తల్లి వేడి లేక, ఎటు పోవాలో తెలియక పళ్ళెంలో ప్రాకుతున్నాయి. చీమలు పట్టాయి. పులిసిన వాసన కొడుతున్నది. ఆ వృద్ధుడు మండపం మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన ఒక్కమాట అన్నాడు. “సామీ, పైన ఉండేది మనకు. కింద ఉండేది వాటి పిల్లలు. నా చేతులతో ఎప్పుడూ కింది భాగం కోయలేదు. దేవుడు అడిగాడంటిరి, కోశాను.”

దేవుడు అడగలేదు. అడిగినది నేను. నా ముచ్చటకు దేవుడి పేరు పెట్టాను. మరుసటి ఏడు ఆ కొమ్మకు ఈగలు రాలేదని ఆయన చెప్పాడు. దానికి వేరే కారణాలు ఉండవచ్చు. అయినా ప్రతి నృసింహ జయంతికీ అభిషేక వేళ ఆ ఖాళీ కొమ్మ నా కళ్ళ ఎదుట నిలుస్తుంది.

ఆ వృద్ధుడు చెప్పిన మాటలో ఎంత శాస్త్రం ఉన్నదో తరువాత తెలుసుకున్నాను. కొండ తేనెటీగల పట్టులో కొమ్మను అంటి ఉన్న పైభాగంలో ఒక ప్రక్క మాత్రమే తేనె దాచుకుంటాయి. దాని క్రింద పుప్పొడి, ఆ క్రింద విశాలంగా పిల్లల గదులు ఉంటాయి. తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి, మిగిలినది విడిచిపెడితే ఈగలు తమ పిల్లలను వదలి పోవు. పూలు ఉన్నంతకాలం ఆ కోసిన చోటును మళ్ళీ కట్టి నింపుతాయి. అదే చోట మరొకసారి తేనె తీసుకోవచ్చు. పట్టు మొత్తం కోసి పిండితే ఒక తరం ఈగలు నశిస్తాయి. పిల్లపురుగుల రసం, పుప్పొడి కలిసిపోయి తేనె కూడా త్వరగా పులుస్తుంది. పై ముక్కను మాత్రమే కోసి, పిండకుండా గుడ్డలో వడగట్టిన తేనె నిర్మలంగా ఉంటుంది, నిలువ ఉంటుంది. అహింస ఎక్కడ ఉన్నదో శుచి అక్కడే ఉన్నది, రుచి కూడా అక్కడే ఉన్నది. ఈ మూడూ ఇంత చక్కగా కలిసే చోటు మరొకటి నాకు కనిపించలేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన ఇరువది నలుగురు గురువులను గురించి చెప్పాడు. వారిలో తేనెటీగ ఒకటి. పువ్వు నలగకుండా కొంచెం కొంచెంగా గ్రహించడం దాని నుండి నేర్చుకున్నానన్నాడు. కూడబెట్టినవాడు కూడబెట్టిన దానితోపాటే నశిస్తాడన్న సత్యాన్ని కూడా దాని నుండియే నేర్చుకున్నానన్నాడు. మనం ఈ బోధను ఈగకు అన్వయించి విని ఊరుకుంటాము. నిజానికి తేనెపట్టు ముందు నిలబడినప్పుడు అది మనకే వర్తిస్తుంది. పువ్వు పట్ల ఈగ ఎలా మెలగుతుందో, పట్టు పట్ల మనం అలా మెలగాలి.

మిగిల్చిన దాని విలువకు మరొక నిదర్శనం ఉంది. తేనె తీసిన తరువాత మిగిలే మైనాన్ని సంస్కృతంలో మధూచ్ఛిష్టం అంటారు, అనగా తేనె తీయగా మిగిలినది. పంచలోహ ఉత్సవమూర్తులను పోతపోసే శిల్పులు ముందుగా ఆ మైనంతోనే స్వామి రూపాన్ని మలుస్తారు. దాని మీద మట్టి పూత పూసి కాలుస్తారు. మైనం కరిగి వెళ్ళిపోయిన ఖాళీలో లోహం నిండి మూర్తి ఏర్పడుతుంది. 12వ శతాబ్దంలో చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ఈ విధానం వర్ణింపబడింది. మనం ఊరేగించి సేవించుకునే మూర్తి తొలి రూపం ఒక తేనెటీగ కట్టిన మైనంలో వెలిసింది. స్వామి అభిషేక ద్రవ్యం తేనె, స్వామి ఆకృతికి ఆధారం మైనం. రెండూ ఆ చిన్ని ప్రాణి భిక్షలే.

ఇక దాతలకు, యాత్రికులకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి.

స్వామికి తేనె సమర్పించదలచిన దాతలు డబ్బాల సంఖ్యను చూడవద్దు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 రకాల తేనెలను పరీక్ష చేయించగా, వాటిలో 10 రకాలు అయస్కాంత అనునాద పరీక్షలో నిలువలేదని ప్రకటించింది. చక్కెర పాకాలతో చేసే కల్తీని సామాన్య పరీక్షలు పట్టుకోలేకపోతున్నాయి. నీటిలో చుక్క వేసి చూడటం, వత్తికి పూసి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. తేనె గడ్డకట్టితే కల్తీ అని భయపడటం కూడా సరికాదు. అసలు తేనె కూడా చల్లని వేళ పలుకులుగా పేరుకుంటుంది. మనం చేయగల మంచి పరీక్ష ఒక్కటే ఉంది. ఇది ఏ అడవిది, ఏ నెలలో తీశారు, ఎవరు తీశారు, పట్టులో ఎంత మిగిల్చారు అని అడగాలి. ఈ ప్రశ్నలకు సమాధానం ఉన్న గ్లాసెడు తేనె, సమాధానం లేని బిందెడు తేనె కంటే మిన్న.

తేనెను గిరిజనుల నుండి గాని, వారి నుండి కొని అమ్మే సంస్థల నుండి గాని తీసుకోండి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డలు సేకరించిన ఉత్పత్తులను కొని అమ్ముతున్నది. వాటిలో తేనె కూడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, వాటి మీద అడవిలో నివసించే వారి హక్కును గుర్తించింది. వారితో గీచి గీచి బేరమాడవద్దు. ధర తగ్గించమన్న ప్రతిసారీ, పట్టు మొత్తం పిండి బరువు పెంచుకోమని మనమే వారికి చెప్పినట్లు అవుతుంది.

దారి ప్రక్కన పిల్లలతో సహా తెంచి తెచ్చిన నిండు పట్టు కనబడితే ముచ్చటపడి కొనవద్దు. నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. కొండదారిలో, గోపురం మీద తేనెపట్టు కనబడితే దాని క్రింద పొగ, టపాకాయలు, కేకలు లేకుండా నిశ్శబ్దంగా దాటి వెళ్ళండి. రాయి విసరడం ఈగలకూ ప్రమాదం, మన వెనుక వచ్చే యాత్రికులకూ ప్రమాదం.

తల్లులకు ఒక ముఖ్యమైన మాట. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకూడదు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవుల బీజాలను ఆ వయసులోని ప్రేగులు తట్టుకోలేవని, అది ప్రాణాపాయానికి దారితీయవచ్చని వైద్యులు హెచ్చరిస్తున్నారు. కనుక పంచామృత తీర్థాన్ని పసివాడి నోట వేయకుండా, తల్లి స్వీకరించి బిడ్డ శిరస్సు మీద చేయి ఉంచితే చాలు. స్వామి అనుగ్రహానికి లోపం ఉండదు.

భక్తమహాశయులారా! కాసేపటిలో అర్చకస్వాములు మీ అరచేతిలో తీర్థం పోస్తారు. అందులో తేనె ఒక చుక్క మించి ఉండదు. దానిని స్వీకరించే ముందు ఒక్క క్షణం ఆగండి. మోదుగ పూసిన కొండను, తాడు పట్టుకున్న బావమరిదిని, రెక్కలు విసరి విసరి అలసిన ఈగను తలచుకోండి. కొమ్మ మీద మిగిలి ఉన్న పట్టులో పిల్లలు క్షేమంగా ఉండాలని కోరుకోండి. స్వామి ముందు పోసిన తేనెతోపాటు, స్వామి పేరిట అడవిలో మిగిల్చిన తేనె కూడా ఆయనకు నివేదనయే. ఆ రెండవ నివేదన లోపించకుండా చూసుకునే భాగ్యాన్ని చెంచులక్ష్మీ సమేత నృసింహస్వామి మనందరికీ ప్రసాదించుగాక!

స్వస్తి.